నరాల నొప్పికి గంజాయి మందు: పరీక్షల చరిత్ర

గంజాయి అనే మాట వింటే ఇవాళ ఆదివాసీ గూడేల్లో ముందు గుర్తుకొచ్చేది పోలీసు కేసు. కానీ ఈ మొక్కకు దవాఖానాల చరిత్ర కూడా ఉంది. జగిత్యాల జిల్లా సారంగాపూర్‌లో పాఠాలు చెప్పుకునే మాకు ఆ చరిత్ర తెలిసి ఉండటం అవసరం అనిపించింది. ఎందుకంటే "అది మందే కదా, తాగితే ఏమైతది" అనే పిల్లలూ ఉన్నారు, "అది ఒట్టి విషం" అని ఒక్క మాటతో ముగించే పెద్దలూ ఉన్నారు. ఇద్దరికీ జవాబు పరీక్షల్లోనే ఉంది.

మొదట నొప్పి సంగతి. దెబ్బ తగిలితే వచ్చే నొప్పి వేరు, నరమే చెడితే వచ్చే నొప్పి వేరు. షుగరు వ్యాధి ముదిరినవాళ్లకు అరికాళ్లు మండుతాయి, సూదులతో గుచ్చినట్టు ఉంటుంది. కుష్ఠు, హెచ్ఐవీ వంటి జబ్బుల్లోనూ నరాలు దెబ్బతింటాయి. పుండు కనిపించదు, నొప్పి మాత్రం పోదు. మామూలు నొప్పి బిళ్లలు దీనికి సరిగా పనిచేయవు. అందుకే వైద్యులు కొత్త మందు కోసం వెతుకుతూనే ఉన్నారు.

గంజాయిని ఆధునిక వైద్యం పరీక్షించడం మన దేశంలోనే మొదలైంది. కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన విలియం బ్రూక్ ఓషానెసీ అనే ఐర్లండ్ వైద్యుడు 1839లో తన పరీక్షల ఫలితాలు ప్రకటించాడు. మన దేశానికి టెలిగ్రాఫ్ తీగలు వేయించింది కూడా ఈయనే. ఈ మొక్క గురించి ఇక్కడి పండితులను అడిగి తెలుసుకున్నాడు. ముందు కుక్కలు మొదలైన జంతువులకు ఇచ్చి చూశాడు. తర్వాత కీళ్లవాతం, ధనుర్వాతం, కలరా రోగులకు కొద్ది మోతాదులో ఇచ్చాడు. అలా ఈ మందు ఇంగ్లండుకు చేరింది. అక్కడ రసెల్ రేనాల్డ్స్ అనే పేరున్న వైద్యుడు, నరాల నొప్పికి ఇది మంచి మందని 1890లో తన ముప్పై ఏళ్ల అనుభవం నుంచి రాశాడు.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. ఏడుగురు సభ్యులు. నలుగురు బ్రిటిష్ అధికారులు, ముగ్గురు మన దేశపు సంపన్నులు. ఆదివాసీ ఒక్కరూ లేరు. ఆ కమిషన్ 1,193 మంది సాక్ష్యాలు తీసుకుంది. మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, అతిగా వాడితే హాని ఉందనీ, పూర్తి నిషేధం వద్దనీ 1894లో నివేదిక ఇచ్చింది.

అయితే ఆ కాలపు పరీక్షల్లో ఒక లోపం ఉంది. మందు తీసుకున్న రోగిని, తీసుకోని రోగితో పోల్చి చూడలేదు. పైగా ఒక సీసాలోని మందు బలం ఇంకో సీసాలో ఉండేది కాదు. అందులో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1964లో గానీ విడదీయలేకపోయారు. ఈలోగా 1961 అంతర్జాతీయ ఒప్పందం గంజాయిని కఠిన నియంత్రణలో పెట్టింది. మన దేశంలో 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది.

పోల్చి చూసే పరీక్ష ఎలా ఉంటుందో 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపుతుంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో హెచ్ఐవీ వల్ల నరాల నొప్పి ఉన్నవాళ్లను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు; 50 మంది చివరిదాకా ఉన్నారు. ఒక గుంపుకు గంజాయి సిగరెట్లు, రెండో గుంపుకు సారం తీసేసిన ఉత్తుత్తి సిగరెట్లు రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు ఇచ్చారు. నొప్పి 30 శాతమైనా తగ్గినవాళ్లు మొదటి గుంపులో 52 శాతం, రెండో గుంపులో 24 శాతం. ఉత్తుత్తి సిగరెట్టుతోనే నూటికి 24 మందికి తగ్గిందంటే నమ్మకానికి ఎంత బలముందో చూడండి. పోలిక ఎందుకు కావాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

ఐదు రోజుల ఫలితం ఏళ్ల తరబడి ఉండే నొప్పికి చాలదు. 2018లో కొక్రేన్ అనే సంస్థ 16 పరీక్షలను, 1,750 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. నొప్పి సగానికి తగ్గినవాళ్లు గంజాయి మందులతో నూటికి 21 మంది, ఉత్తుత్తి మందుతో 17 మంది. అంటే నూటికి నలుగురికే అదనపు మేలు. దుష్ఫలితాల వల్ల మందు మానేసినవాళ్లు ఇటు 10 మంది, అటు 5 మంది. తల తిరగడం, మత్తు, మతి తప్పడం వంటివి ఎక్కువగానే కనిపించాయి. లాభాన్ని నష్టం మించవచ్చని ఆ సమీక్ష తేల్చింది. ఈ లెక్కను తరగతి గదిలో బోర్డు మీద వేసి చూపించవచ్చు.

పరీక్షలు ఆగలేదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి గంజాయిని అతి ప్రమాదకర మాదకద్రవ్యాల పట్టిక నుంచి తీసేసింది. భారతదేశం అందుకు అనుకూలంగా ఓటు వేసింది. ఇతర పట్టికలోని నియంత్రణ మాత్రం అలాగే ఉంది. జమ్మూలోని సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ ప్రభుత్వ అనుమతితో ఈ మొక్కను పెంచి, నరాల నొప్పికీ క్యాన్సర్ నొప్పికీ మందు చేసే పని చేస్తోంది.

ఇక మనవాళ్ల సంగతి. ఆంధ్రా పోలీసులు 2021లో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలకు పైగా సరుకు తగలబెట్టారు. పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి. మొక్క నాటేది, మూట మోసేది, పట్టుబడేది ఆదివాసీ. అనుమతి లేకుండా పండిస్తే పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. 20 కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తక్కువ ఉండదు, బెయిలు కూడా కష్టం. "మందు మొక్క" అన్న మాట కోర్టులో మూట మోసిన పిల్లవాణ్ని కాపాడదు. మందు కోసం పెంచడానికి చట్టంలో దారి ఉంది కానీ, ఆ దారి అనుమతి పత్రం ఉన్నవాళ్లకే.

కాబట్టి మన యువతకు మేము చెప్పేది ఇది. ఎవరైనా గంజాయి నూనె నరాల నొప్పికి బ్రహ్మాండంగా పనిచేస్తుందంటే మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమందికి ఇచ్చి చూశారు? దేనితో పోల్చారు? ఎన్నాళ్లు చూశారు? మన అడవి వేర్ల గురించి, మన వైద్యుల మందుల గురించి కూడా ఇవే ప్రశ్నలు అడుగుదాం. అడిగితే అవి చిన్నబోవు. నిలబడేవి ఏవో తేలుతాయి. అరికాళ్లు మండుతున్న అవ్వను మాత్రం ముందు దవాఖానాకు తీసుకుపోయి షుగరు పరీక్ష చేయించండి. రేపు ఇలాంటి పరీక్షలు రాసే చోట, కమిషన్లు కూర్చునే చోట మన పిల్లలు కూడా ఉండాలంటే సైన్సు, లెక్కలు వదలకుండా చదివించాలి. ఉపాధ్యాయులుగా ఆ పని మన చేతిలోనే ఉంది.