నిజాంసాగర్ కాలువ: బాన్సువాడ ఆయకట్టు, ఎగువ పరిశ్రమలు

కాలువల చరిత్రను ఆయకట్టు విస్తీర్ణంతో, జలాశయ నిల్వతో కొలవడం పరిపాటి. ఆ కొలతలలో ‘ఎంత నీరు’ అన్న ప్రశ్న ఉంటుంది. ‘ఎటువంటి నీరు’ అన్న ప్రశ్న ఉండదు. బాన్సువాడ ప్రాంతపు పొలాలకు ఆధారమైన నిజాంసాగర్ కాలువ చరిత్రను ఈ రెండవ ప్రశ్నతో పరిశీలించడం అవసరం.

గోదావరి ఉపనది మంజీరపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల వద్ద 1923-1931 మధ్య నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీనికి రూపకల్పన చేశారు. తొలి నిల్వ సామర్థ్యం 29.7 టీఎంసీలు. కాలువ నీటితో వరి, చెరకు విస్తరించాయి. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఇక్కడ సేద్యం ముందు వచ్చింది, పరిశ్రమ దానిని అనుసరించింది. రెండింటికీ ఒకే కాలువ ఆధారం.

1970వ దశకం నుండి ఎగువన ఈ క్రమం తలకిందులైంది. పారిశ్రామికంగా వెనుకబడిన మెదక్ జిల్లాకు లభించిన రాయితీలతో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో ఔషధ, రసాయన పరిశ్రమలు వెలిశాయి. వాటికి చెరకు వలె స్థానిక పంటతో సంబంధం లేదు. వాటి వ్యర్థజలాలు నక్కవాగులో చేరి, వాగు వెంబడి ఉన్న పొలాలను, బావులను చెరిపాయి. అక్కడి నేలల్లో భార లోహాలు పేరుకున్నట్లు శాస్త్ర పరిశోధనలు నిర్ధారించాయి.

నక్కవాగు మంజీరలో కలిసే చోటు ఈ చరిత్రలో కీలకమైనది. హైదరాబాదుకు తాగునీరందించే సింగూరు జలాశయం, మంజీర బ్యారేజీ ఆ సంగమానికి ఎగువన ఉన్నాయి; ఘనపురం ఆనకట్ట, నిజాంసాగర్ దిగువన ఉన్నాయి. అంటే నగరం తన వాటా శుభ్రమైన నీటిని ముందే తీసుకుంటుంది. పరిశ్రమల వ్యర్థాలు ఆ తరువాత నదిలో చేరుతాయి. వ్యర్థాలను పలుచబరచవలసిన ప్రవాహమే ఆ విధంగా తగ్గిపోతుంది. ఘనపురం కింది రైతుకైనా, బాన్సువాడ రైతుకైనా మిగిలేది ఆ రెండు నిర్ణయాల ఫలితమే. లోహాలు సన్నని ఒండ్రును పట్టుకొని ప్రయాణిస్తాయి. నిజాంసాగర్ సామర్థ్యాన్ని తగ్గించినదీ పూడికే. కనుక పూడికను పరిమాణ సమస్యగా మాత్రమే చూడటం చాలదు.

నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. పటాన్‌చెరు వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరి, 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయింది. నక్కవాగు గ్రామాల రైతుల నష్టపరిహారం కోర్టు పరిశీలనలోకి వచ్చింది. తరువాత శుద్ధిచేసిన వ్యర్థజలాలను 18 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో అంబర్‌పేటకు మళ్ళించారు. దానితో మంజీర భారం కొంత మూసీకి బదిలీ అయింది. అక్కడా దిగువన రైతులే ఉన్నారు.

ఈ క్రమంలో వ్యాజ్యం వాగు ఒడ్డున ఉన్న గ్రామాల చుట్టూ తిరిగింది. నది మాత్రం గ్రామ సరిహద్దుల వద్ద ఆగదు. నీటిపారుదల శాఖ నీటి మట్టాన్ని, కాలుష్య నియంత్రణ మండలి వ్యర్థాలను వేర్వేరుగా లెక్కించే వ్యవస్థలో ఆయకట్టు రైతు రెండు లెక్కలకూ నడుమ మిగిలిపోయాడు. నిజాంసాగర్ చరిత్రను నిర్మాణ వైభవంతో ముగించక, నీటి నాణ్యతను ఆయకట్టు హక్కుగా గుర్తించే దిశగా కొనసాగించినప్పుడే అది సమగ్రమవుతుంది.