హోప్ కళాశాల, హాలండ్ పట్టణం (మిషిగన్)

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, మకటావా సరస్సు ఒడ్డున ఉన్న హాలండ్ పట్టణం 1847లో డచ్ వలసదారుల చేతుల మీదుగా పుట్టింది. అక్కడి హోప్ కళాశాల క్రైస్తవ లిబరల్ ఆర్ట్స్ విద్యాసంస్థ. వలసదారుల కళాశాల అంటే సొంత భాషనూ ఆచారాలనూ కాపాడుకోవడానికి కట్టుకున్న కోట అనుకోవడం పరిపాటి. హోప్ చరిత్రలోని ఆధారాలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి: ఆ సమాజాన్ని అమెరికాలో కలిపిన ద్వారం ఇదే. 1834లో నెదర్లాండ్స్ జాతీయ చర్చి నుంచి విడిపోయిన భక్తులు ప్రార్థన సభలు జరుపుకున్నందుకు జరిమానాలు కట్టారు, జైళ్లకు వెళ్లారు. 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు సోకడంతో పేదల బతుకు మరింత దుర్భరమైంది. వారిలో ఒక బృందాన్ని వెంటబెట్టుకుని పాస్టర్ ఆల్బర్టస్ వాన్ రాల్టె 1847 ఫిబ్రవరి 9న ఇక్కడి అడవికి చేరుకున్నాడు. అప్పటికే అక్కడ ఒట్టావా ఆదివాసులు ఉండేవారు. రెండేళ్లకే వారు ఉత్తరానికి తరలిపోవలసి వచ్చింది. పట్టణ స్థాపన కథ చెప్పేవారు దీన్ని దాటవేయడం న్యాయం కాదు.

తూర్పు రాష్ట్రాల్లో అప్పటికే స్థిరపడి, ఇంగ్లీషుకు అలవాటుపడిన రిఫార్మ్‌డ్ చర్చితో 1850లో ఈ వలసదారులు చేతులు కలిపారు. ఆ చర్చి అండతోనే 1851లో పయనీర్ స్కూలు మొదలైంది. దాని తొలి గురువు డచ్ వలసదారు కాడు, న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన వాల్టర్ టేలర్. 1857లో అది హాలండ్ అకాడమీ అయింది. అప్పుడు కట్టిన వాన్ వ్లెక్ హాలులోనే తరగతులు, ప్రార్థన, విద్యార్థుల వసతి, ప్రిన్సిపాల్ కాపురం అన్నీ సాగేవి. 1866లో ఆ అకాడమీ నుంచి ఎదిగిన హోప్ కళాశాలకు రాష్ట్ర చార్టర్ దక్కింది, ఎనిమిది మంది తొలి పట్టభద్రులయ్యారు. మొదటి అధ్యక్షుడు ఫిలిప్ ఫెల్ప్స్ కూడా న్యూయార్క్ రాష్ట్రీయుడే. కోట కట్టుకోదలచినవారు దాని తాళాలు బయటివారికి అప్పగించరు.

ఈ వాదానికి బలమైన అభ్యంతరం ఉంది. 1857లో కొన్ని సంఘాలు తూర్పు వారితో పొత్తు వద్దని విడిపోయి క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చిగా ఏర్పడ్డాయి. ఆ చర్చి 1876లో గ్రాండ్ రాపిడ్స్‌లో పెట్టుకున్న పాఠశాలే నేటి కాల్విన్ విశ్వవిద్యాలయానికి మూలం. డచ్ వలసదారులందరూ ద్వారాలు తెరవలేదన్నది నిజం. కానీ ఆ చీలికే హోప్ ఏ పక్షాన నిలిచిందో తేటతెల్లం చేస్తుంది. మరి నేటి హాలండ్‌లో చెక్క బూట్ల నృత్యాలు, తులిప్ పూల పండుగ ఎందుకున్నాయని అడగవచ్చు. తులిప్‌లు నాటుదామని స్థానిక హైస్కూల్ ఉపాధ్యాయిని లైడా రోజర్స్ సూచించింది 1927లో, పండుగ మొదలైంది 1929లో. డి జ్వాన్ గాలిమరను నెదర్లాండ్స్ నుంచి తెచ్చింది 1964లో. జనం పూర్తిగా అమెరికన్లయ్యాకే డచ్‌తనం వేడుకగా తిరిగి వచ్చింది. కళాశాల చూపు మాత్రం మొదటి నుంచీ బయటికే: 1878లో మహిళలు చేరారు, 1879లో ఇద్దరు జపనీయులు పట్టభద్రులయ్యారు. హోప్‌కు అండగా నిలిచిన రిఫార్మ్‌డ్ చర్చి దక్షిణ భారతదేశంలో నడిపిన ఆర్కాట్ మిషన్‌లోనూ హోప్ పట్టభద్రులు పనిచేశారు. రాయలసీమలోని మదనపల్లె ఆ మిషన్ కేంద్రాల్లో ఒకటి.