నిర్మాణ పరిశ్రమ పథకం: అద్దె ఆస్తుల వ్యాపారాలు

బ్రిటన్‌లో నిర్మాణ పనులు చేసే సబ్‌కాంట్రాక్టర్లకు ఇచ్చే సొమ్ములోంచి కాంట్రాక్టర్లు పన్నును ముందే మినహాయించి ప్రభుత్వానికి జమచేసే విధానం నిర్మాణ పరిశ్రమ పథకం. సీఐఎస్‌గా పిలిచే ఈ పథకం భారత్‌లోని టీడీఎస్‌ను పోలి ఉంటుంది. 1970లలో మొదలై, 2007 ఏప్రిల్‌లో ప్రస్తుత రూపం సంతరించుకుంది.

వర్తింపు: ఇళ్లు కట్టి అమ్మే డెవలపర్‌ను చట్టం కాంట్రాక్టర్‌గానే పరిగణిస్తుంది. ఆస్తులను అద్దెకిచ్చి ఆదాయం పొందే వ్యాపారం సాధారణంగా ఆ కోవలోకి రాదు. అయితే గడిచిన 12 నెలల్లో నిర్మాణ పనులపై దాని ఖర్చు 30 లక్షల పౌండ్లు దాటితే కాంట్రాక్టర్‌గా నమోదు కావాలి. 2021 ఏప్రిల్ 6 నుంచి ఈ లెక్క అమల్లో ఉంది. సొంత కార్యాలయం వంటి స్వీయ వినియోగ భవనాల పనులకు ఇలాంటి వ్యాపారాలకు మినహాయింపు ఉంది. అద్దెకిచ్చే భవనాలకు అది వర్తించదు. తాను నివసించే ఇంటికి పని చేయించుకునే వ్యక్తి పథకం పరిధిలోకి రాడు.

పనులు: కట్టడం, కూల్చివేత, మరమ్మతు, రంగులు వేయడం పథకంలోకి వస్తాయి. ఆర్కిటెక్టుల, సర్వేయర్ల సేవలు, తివాచీలు పరచడం రావు.

మినహాయింపు రేట్లు: నమోదైన సబ్‌కాంట్రాక్టర్‌కు 20 శాతం, నమోదు కానివారికి 30 శాతం. పూర్తి చెల్లింపు హోదా ఉన్నవారికి కోత లేదు. సామగ్రి ఖర్చును, వ్యాట్‌ను తీసివేశాకే రేటు వర్తిస్తుంది.

గడువులు: పన్ను నెల 5వ తేదీతో ముగుస్తుంది. రిటర్న్‌ను 19వ తేదీలోగా సమర్పించాలి. ఆలస్యమైతే తొలి జరిమానా 100 పౌండ్లు. కోసిన సొమ్ము సబ్‌కాంట్రాక్టర్ చెల్లించాల్సిన పన్నులో సర్దుబాటవుతుంది.