కేంబ్రిడ్జి, అలీగఢ్, ఉస్మానియా: మూడు విద్యాలయాల వాతావరణం



ఈ ఏటి సావనీరుకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాసి ఇమ్మని మన సొసైటీ పెద్దలు అడిగారు. బడిపంతులును కాబట్టి చదువు గురించే రాస్తున్నాను. పరీక్షా ఫలితాలు రాగానే పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి, "మాస్టర్ సాబ్, ఏ కాలేజీ మంచిది?" అని అడుగుతుంటారు. ఫీజు ఎంత, నౌకరీ వస్తదా అని కూడా అడుగుతారు. పిల్లవాడు అక్కడ ఎవరితో కలిసి ఉంటాడు, ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటాడు, సాయంత్రం పూట ఏం చేస్తాడు అని అడిగినవారు చాలా తక్కువ. మన పెద్దలు తాలీంతో పాటు తర్బియత్ అనే మాట ఎప్పుడూ చేర్చి చెప్పేవారు. ఆ రెండవది వాతావరణం వలన అబ్బుతుంది. మూడు గొప్ప విద్యాలయాల చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా బోధపడుతుంది.

కేంబ్రిడ్జి

ఆక్స్‌ఫర్డు నుంచి విడిపోయి వచ్చిన కొందరు పండితులు 1209లో కేంబ్రిడ్జి అనే చిన్న ఊళ్ళో చదువు మొదలుపెట్టారు. 1284లో పీటర్‌హౌస్ అనే మొదటి కాలేజీ ఏర్పడింది. అక్కడి కాలేజీ మన కాలేజీల వంటిది కాదు. పాతకాలపు హవేలీ వంటిదని చెప్పవచ్చు. ముందు ఒక పెద్ద దర్వాజా, దాని దగ్గర కాపలా, లోపల చదరపు ఆవరణ, చుట్టూ విద్యార్థుల గదులు, ఒక ప్రార్థనాలయం, ఒక గ్రంథాలయం, ఒక భోజనశాల. గురువులు, శిష్యులు ఒకే హాలులో భోంచేస్తారు. వెనుక కామ్ నది, దాని ఒడ్డున పచ్చిక బయళ్ళు. ఊరే కాలేజీల మధ్య ఒదిగి ఉన్నట్టు కనబడుతుంది.

అయితే ఆ దర్వాజా అందరికీ తెరిచి లేదు. 1871లో చట్టం వచ్చేదాకా ఆంగ్లికన్ చర్చికి చెందనివారికి అక్కడ ఫెలోషిప్పులు దక్కేవి కావు. ఆడపిల్లల కోసం గిర్టన్ కాలేజీ 1869లోనే మొదలైనా, వారికి పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. మన శ్రీనివాస రామానుజన్ 1914లో ట్రినిటీ కాలేజీకి వెళ్ళారు. శాకాహారి కావడం వలన ఆ భోజనశాలలో కూర్చోలేక తన గదిలో తానే వండుకున్నారు. అందరితో కలిసి తినే భాగ్యం లేక, యుద్ధకాలంలో సరైన సరుకులు దొరకక, చలికి తట్టుకోలేక ఆరోగ్యం చెడిపోయింది. 1918లో ఆయనను ట్రినిటీ ఫెలోగా ఎన్నుకున్నారు. గౌరవం ఇచ్చారు గాని, ఆయన తినగలిగే అన్నం మాత్రం పెట్టలేకపోయారు.

అలీగఢ్

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు 1869లో ఇంగ్లాండు వెళ్ళారు. కుమారుడు సయ్యద్ మహమూద్ కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీలో చదువుకున్నాడు. సర్ సయ్యద్ కేంబ్రిడ్జిని స్వయంగా చూశారు. మన ఖౌమ్‌కు కూడా పిల్లలు రాత్రింబవళ్ళు కలిసి ఉండే విద్యాలయం కావాలని ఆయన నిశ్చయించుకున్నారు. 1875లో అలీగఢ్‌లో మదరసా మొదలైంది. 1877 జనవరిలో వైస్రాయ్ లార్డ్ లిట్టన్ కాలేజీకి పునాదిరాయి వేశారు. అదే 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం అయ్యింది.

స్థలం ఎంపిక చూడండి. అది పాత సైనిక కంటోన్మెంటు నేల. తాళాల తయారీకి పేరుమోసిన పాత పట్నం రైలు పట్టాలకు ఒకవైపు, కాలేజీ రెండోవైపు. పట్నపు గలాటా లోపలికి రాకూడదని ఉద్దేశం. కేంబ్రిడ్జిలో లాగానే ఆవరణ, చుట్టూ గదులు కట్టారు. చర్చి స్థానంలో మసీదు వచ్చింది. 1898లో చనిపోయిన సర్ సయ్యద్ గారిని ఆ మసీదు ఆవరణలోనే దఫన్ చేశారు. సున్నీలకు, షియాలకు దీనియాత్ బోధన వేర్వేరుగా ఉన్నా ఉండే చోటు ఒకటే. హిందూ విద్యార్థులు మొదటి నుంచీ ఉన్నారు. ఆ కాలేజీ మొదటి పట్టభద్రుడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందువు. ఈ మాట మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. 1884లో కేంబ్రిడ్జి యూనియన్ నమూనాగా వాదోపవాదాల సంఘం పెట్టారు. నల్ల షేర్వానీ, సీనియర్లు జూనియర్లకు చాయ్ తాపించే ఆచారం, శంషాద్ మార్కెట్ హోటళ్ళలో కబుర్లు, ఇవన్నీ కలిసి అక్కడి తహజీబ్ అయ్యింది.

డబ్బు ఎక్కడిది అంటే చందాలే. చందా ఇచ్చినవారి పేర్లు చెక్కిన రాళ్ళు ఇవాళ్టికీ ఆ గోడల్లో కనబడతాయి. సర్ సయ్యద్ గారు లాటరీ పెట్టారు, గడ్డం నెరిసిన వయసులో వేదిక ఎక్కి పాడారు. నవ్వినవాళ్ళు నవ్వారు, ఆయన మాత్రం జోలె దించలేదు.

లోటు లేదా అంటే ఉంది. కచ్చీ బారక్, పక్కీ బారక్ అని కలవారి బసకు, లేనివారి బసకు మొదట్లో భేదం ఉండేది. ఆడపిల్లల చదువు తరువాత చూద్దామని సర్ సయ్యద్ గారే అన్నారు. ఆ లోటు షేక్ అబ్దుల్లా గారు, ఆయన బేగం వహీద్ జహాన్ గారు 1906లో బాలికల బడి పెట్టి తీర్చారు. పరదా కుటుంబాల అమ్మాయిలు దూరం నుంచి రావాలంటే బస ముఖ్యమని గ్రహించి 1914లో హాస్టల్ తెరిచారు. దానితోనే ఆ బడి నిలబడింది.

ఉస్మానియా

మన ఉస్మానియా సంగతి వేరు. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1919లో నగరం నడిబొడ్డున తరగతులు మొదలయ్యాయి. దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన మొదటి విశ్వవిద్యాలయం ఇది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలోనే బోధించారు. దానికోసం దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించారు.

శాశ్వత భవనాలకు అడిక్‌మెట్ నేల ఎంచుకున్నారు. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా గార్లను విదేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలు చూసి రమ్మన్నారు. ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనా గీశాడు. 1934లో పునాది పడింది, 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. గులాబీ వన్నె గ్రానైటు, పైన కమానులు, కింద అజంతా ఎల్లోరా గుహల తీరు స్తంభాలు. హిందూ ముస్లిం శిల్పరీతులు ఒకే దర్వాజాలో కలిశాయి.

ఐతే రాళ్ళు కలిసినంత తేలికగా మనుషులు కలవలేదు. ఆ భవనం కడుతుండగానే, 1938లో, హాస్టల్‌లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. వరంగల్లులో చదువుతుండిన పి.వి. నరసింహారావు గారు కూడా నాగపూరు పోయి చదువుకోవలసి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఉర్దూ బోధన భారమైన మాట కూడా నిజమే. నేను ఉర్దూ మీడియం పంతులునే, అయినా ఒప్పుకోవాలి. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. అప్పుడు ఆ భారం మన పిల్లల మీద పడింది. ఐనా ఆ నేల మఖ్దూం మొహియుద్దీన్‌ను ఇచ్చింది. ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగులో జ్ఞానపీఠ్ అందుకున్న సి. నారాయణరెడ్డి గారిని ఇచ్చింది.

ఉస్మానియాకు అలీగఢ్ లాగ ఊరికి దూరం అనేది మిగలలేదు. తార్నాక, విద్యానగర్ చుట్టూ పెరిగినై. ఊరి రోడ్లే క్యాంపస్‌లో నుంచి పోతాయి. అందుకే 1969లోనైనా, 2009లోనైనా ఊరి కోపం, ఊరి ఆశ ముందు అక్కడే వినబడ్డాయి.

మన కర్తవ్యం

మూడింటినీ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. కేంబ్రిడ్జికి వందల ఏండ్ల కలిమి, అలీగఢ్‌కు చందాల బలం, ఉస్మానియాకు రాజు ఖజానా. మూల్యం వేరైనా, మూడు చోట్లా పిల్లవాణ్ణి మనిషిని చేసింది బస, భోజనశాల, గ్రంథాలయం, నలుగురితో వాదన. ఎవరికి ఆ బస దొరకలేదో వారు దర్వాజా బయటే ఉండిపోయారు.

నేను చదువు చెప్పిన అమ్మాయి ఒకతి మంచి మార్కులతో హైదరాబాదులో సీటు తెచ్చుకుంది. హాస్టల్‌లో చోటు దొరకలేదు. తండ్రి రెండు రోజులు గదికోసం తిరిగాడు. తలుపు తీసి మాట్లాడినవారే, పేరు చెప్పగానే ఖాళీ లేదన్నారట. మూడో రోజు ఇద్దరూ బస్సెక్కి తిరిగి వచ్చారు. మన సొసైటీ ఆ పిల్లకు ఫీజు డబ్బు సిద్ధం చేసి ఉంచింది. ఆ డబ్బు అట్లనే మిగిలిపోయింది.

కాబట్టి పెద్దలకు నా మనవి. స్కాలర్‌షిప్పులతో పాటు ఇకనుంచి బస గురించి ఆలోచించండి. క్యాంపస్‌కు దగ్గరలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, నమ్మకస్తురాలైన వార్డెన్‌ను పెట్టి, ముందు పదిమంది ఆడపిల్లలతో మొదలుపెడదాం. ఒక వంటగది, పుస్తకాల బీరువా, చదువుకునే పెద్ద బల్ల ఉంటే చాలు. గది దొరకని బీద పిల్ల ఏ మతం వారైనా చోటు ఇద్దాం. మనకు మూసిన తలుపు మనం ఇంకొకరికి మూయరాదు.

అలీగఢ్ గోడల మీద పేర్లున్నవారందరూ నవాబులు కారు. మామూలు సంసారులు కూడా తమకు తోచినంత ఇచ్చారు. మన ఇంటి గోడకు కూడా అట్లాంటి రాళ్ళు కావాలి. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.