రెండు నాకాల నడుమ

హైదరాబాదులో గోల్నాక నుంచి తార్నాక దాకా నడిచేవాడికి, ఆ రెండు పేర్ల చివరా ఉన్న ‘నాకా’ ఎప్పుడో ఒకనాడు కాలికి తగులుతుంది. నాకా అంటే బండిని ఆపే చోటు. మూట విప్పు, సుంకం కట్టు, ముందుకు పో. ఈ రెండు నాకాల నడుమ ఉన్న ఆదిక్‌మెట్, దాని మీద లేచిన ఉస్మానియా యూనివర్సిటీ ఒకప్పుడు ఒక ఆడమనిషి జాగీరు. ఆమె మహ్‌లఖా బాయి చందా. ఆ ఇంటి కథ మొదలైంది కూడా సుంకాల దగ్గరే. కాకపోతే ఇక్కడ కాదు, అహ్మదాబాదులో.

పద్దెనిమిదో శతాబ్దం, ఢిల్లీ గద్దె కదులుతున్న రోజులు. మహ్‌లఖా తాత అహ్మదాబాదు సుంకాల కొలువులో ఉండేవాడు. సర్కారు సొమ్ము వాడేసుకున్నాడు. లెక్క అప్పజెప్పాల్సిన వేళకు మనిషి లేడు. పెళ్లాన్నీ పిల్లల్నీ వదిలేసి ఊరు దాటిపోయాడు. ఆయన భార్య చందా బీబీ సయ్యదుల ఇంటి బిడ్డ, పరదా చాటున పెరిగింది. సొమ్ము తిన్నవాడు పారిపోతే, సుంకం ఇంట్లో మిగిలినవాళ్లు కట్టారు.

ఆమె కూతుళ్లను వెంటబెట్టుకుని రాజపుత్రుల సీమకు బయల్దేరింది. ఆ కూతుళ్లలో ఒకతె పేరు మైదా. ఆరావళి కొండలు మాల్వా వైపు దిగే చోట, భిల్లుల అడవుల అంచున దేవ్లియా అనే చిన్న సంస్థానం ఉండేది. అక్కడ చుట్టం లేడు, పక్కం లేడు. చేరదీసింది ఊరూరా తిరిగి ఆటాపాటా కట్టే భగతియాల మేళం. వాళ్లది రేపటికి గింజ ఉందో లేదో తెలియని బతుకు. అయినా తమ పళ్లెంలో ఇంకో నాలుగు చేతులకు చోటిచ్చారు. గొప్ప వంశాల చరిత్రలు రాసేవాళ్లు ఆ మేళాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆ పళ్లెం దగ్గర కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

పరదా చాటున ఉండాల్సిన పిల్ల మైదా పదిమందిలో గొంతు విప్పింది, కాళ్లకు గజ్జె కట్టింది. బతకడానికి ఆ అడవి అంచున దొరికిన విద్య అదొక్కటే. అదే ఆమెను దేవ్లియా రాజు సలీం సింగ్ కంటబడేలా చేసింది. కోట ఆదరించింది, ఆ తర్వాత కోటలోని అసూయే తరిమింది. కుటుంబం మళ్లీ దారి పట్టింది. దక్కనుకు వచ్చే సైన్యాల బాటలో బుర్హాన్‌పూరు, ఆపైన ఔరంగాబాదు, చివరికి హైదరాబాదు. ఆ దారిలో ఎక్కడో ‘బీబీ’ రాలిపోయింది. మైదా బీబీ రాజ్ కన్వర్ బాయి అయింది. సయ్యదుల మనవరాలు తవాయిఫ్. బీబీకీ బాయికీ నడుమ ఉన్న నాకా ఒకసారి దాటితే వెనక్కి రానివ్వదు.

ఆమెకు 1768లో పుట్టిన పిల్లే చందా. అమ్మమ్మ పేరే పెట్టారు. పిల్ల కడుపులో ఉండగా గర్భం నిలవదేమోనని భయం పుడితే, మౌలాలి గుట్ట మీది దర్గా దీవెనతో నిలిచిందని చెబుతారు. ఆ పిల్ల పెద్దయి నిజాం అలీ ఖాన్ దర్బారులో గజల్ చెప్పింది, మగవేషంలో యుద్ధయాత్రలకు వెళ్లింది, జాగీర్లు సంపాదించింది, ‘మహ్‌లఖా’ అంటే చంద్రముఖి అన్న బిరుదు అందుకుంది. దివాను, అంటే కవితల సంపుటి, కూర్చిన తొలి ఉర్దూ కవయిత్రుల్లో ఆమె పేరు చెప్పకుండా ఉండరు. ఇదంతా చాలామంది రాశారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. మగవాడి పేరు మీద నిలబడిన ఇల్లు ఒక్క రాత్రిలో ఎలా కూలుతుందో అమ్మమ్మ కథగా విని ఉంటుందని నా ఊహ.

తల్లి పోయాక మౌలాలి గుట్ట కింద తోట వేయించి సమాధి కట్టించింది. 1824లో తనూ పోతే ఆ ఆవరణలోనే మట్టిచేశారు. ఆస్తిని దిక్కులేని ఆడవాళ్లకు రాసిపోయిందంటారు. దేవ్లియా దారిలో నడిచిన నాలుగు జతల కాళ్లు అలా ఆ కాగితం దాకా వచ్చాయి.

తర్వాత జాగీరు చేతులు మారింది. 1918లో మొదలైన యూనివర్సిటీకి ఆదిక్‌మెట్ నేల దొరికింది. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరుచుకుంది. రాతి కమానుల కింద ఎన్ని ఉద్యమాలో, ఎన్ని కవిత్వాలో! క్యాంపస్‌లో ఆమె పేరు చెప్పుకునే మెట్ల బావి మాత్రం చెత్తతో నిండి, పిచ్చిచెట్లు మొలిచి చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. కూతురి పేరుకు ఆ బావి అయినా ఉంది. మైదా పేరుకు ఆదిక్‌మెట్‌లో గల్లీ లేదు, బస్‌స్టాపూ లేదు.

సాయంత్రాలు తార్నాక చౌరస్తాలో నిలబడితే లాలాపేట వైపు, మౌలాలి వైపు బస్సులు పోతుంటాయి. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఇనుప పెట్టెలతో, ప్లాస్టిక్ బకెట్లతో దిగుతుంటారు. ఒకమ్మాయి బకెట్ కింద పెట్టి, యూనివర్సిటీ గేటు ఎటు అని అడుగుతుంది.