బూటా పువ్వు ఎక్కడికి పోయింది?

"సార్, ఖలీఫాల కాలంనాటి బట్టలు మ్యూజియంలలో ఉన్నాయంటున్నారు. మన కర్నూలు, కడప నవాబుల బట్టలు ఎక్కడున్నాయి?" అని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు జవాబు తోచలేదు.

ఖలీఫాల బట్టను తిరాజ్ అంటారు. ఫార్సీలో కుట్టుపని అని అర్థం. అబ్బాసీ, ఫాతిమీ ఖలీఫాల కార్ఖానాలలో నారబట్ట మీద పట్టుదారంతో ఖలీఫా పేరు, దువా, ఒక్కోసారి హిజ్రీ సంవత్సరం కూడా కుట్టేవారు, లేదా నేసేవారు. దర్బారులో అది ఖిల్లతుగా దొరికితే ఎంతో గౌరవం! ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ముకద్దిమాలో దీనికి ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. ఈజిప్టులో ఇవి కఫన్‌గా కూడా వాడబడి, పొడినేలలో చెడకుండా మిగిలాయి.

బొమ్మలు కూడదు గనుక మనవాళ్లు పువ్వులే వేశారని చాలామంది అంటారు. అది సగం మాటే. తిరాజ్ మీద పక్షులు, కుందేళ్లు కూడా ఉన్నాయి. పువ్వు రాజ్యమేలింది తర్వాత. 16వ శతాబ్దంలో ఉస్మానీ తుర్కులు తులిప్, కార్నేషన్ పూలను నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ జహంగీర్ 1620లో కాశ్మీరు వసంతం చూసి, ఉస్తాద్ మన్సూర్ చేత వందకు పైగా పువ్వులు గీయించాడు. ఆపైన నిటారుగా నిలిచిన ఒంటి పూలమొక్క నడికట్టుల అంచులకు, డేరాల కనాతులకు ఎక్కింది. అదే బూటా. ధర్మవరం చీర కొనేటప్పుడు "బుటాలు పెద్దవి కావాలి" అనే మన అక్కయ్యలు ఫార్సీ మాట్లాడుతున్నారన్నమాట!

మరి మనవి? కడప మియానా నవాబుల పాలన 1779-80లో హైదర్ అలీ చేతిలో ముగిసింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయారు. దర్బారు లేకపోతే ఖిల్లతు ఎవరికి?

అయితే ఇళ్లల్లోని షాదీ బట్టలు పోయిన దారి వేరు. అసలైన జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగ, పైన బంగారు పూత. కాలిస్తే గుడ్డ బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. నా చిన్నప్పుడు ఒక కరువు ఏడు "పాత జరీ కొంటాం" అని వీధిలో కేక వినబడింది. మా నానీమా తన షాదీ ఓఢ్నీని బయటికి తెచ్చింది. ఆ డబ్బుతో ఇంటికి జొన్నలు, నాకు పరీక్ష ఫీజు. ఇచ్చేముందు కత్తెరతో ఒక్క బూటా తీసి, ఖురాన్ షరీఫ్ జుజ్దాన్ మీద కుట్టుకుంది.

ఆ పిల్లవాడికి మరునాడు జుజ్దాన్ చూపించాను. చాలాసేపు వేలితో తడిమాడు.

సభ్యులకు ఒక విన్నపం. మీ పెట్టెల్లో ఇటువంటివి ఉంటే, అమ్మకముందు ఒక ఫోటో తీయించి, ఎవరి షాదీదో, ఏ ఊరిదో, ఏ సంవత్సరమో వెనుక రాసి పెట్టండి. వచ్చే సర్వసభ్య సమావేశానికి తెస్తే చూద్దాం. నేను జుజ్దాన్ తెస్తాను.