పట్నమా, కరాచీయా?

కొత్తగా పెళ్ళైన జంట ఏ ఊళ్ళో కాపురం పెట్టాలన్నది మామూలుగా ఇంటి విషయం. పని ఎక్కడ దొరుకుతుంది, అద్దె ఎంత, పుట్టిల్లు ఎంత దూరం - ఇవే లెక్కలు. మా వాళ్ళకు అది ఇంటి విషయంగా మిగలలేదు. 1948 తర్వాత హైదరాబాద్ సంస్థానంలో కాపురాలు మొదలుపెట్టిన ముస్లిం జంటలకు ఏ షహర్ అన్న ప్రశ్నలోనే ఏ ముల్క్ అన్న ప్రశ్న కూడా ఉండింది. మా దాదా దాదీలు, నానా నానీలు ఆ ప్రశ్నకు చెప్పిన జవాబును ఎవరూ చరిత్రగా రాయలేదు. వెళ్ళినవాళ్ళ గురించి ఎంతోకొంత రాశారు. ఉండిపోయినవాళ్ళను మాత్రం ఎక్కడికీ పోలేక మిగిలిపోయినవాళ్ళ కింద జమకట్టారు. ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమేనని, అది తెలిసి తీసుకున్న నిర్ణయమని మేము అంటున్నాం.

ముందుగా ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. రజాకార్ల ఆగడాలు కట్టుకథలు కావు. వాటికి ఎదురు నిలిచి రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లోనే చంపారు. చంపినవాళ్ళదీ చచ్చినవాడిదీ ఒకే మజహబ్. సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం చేతులెత్తేశాడు. పాఠ్యపుస్తకం అక్కడ ఆగిపోతుంది. మా ఇళ్ళల్లో చెప్పుకునే కథ అక్కడ మొదలవుతుంది. ఒకే సంఘటనకు ప్రభుత్వం ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టింది, కొందరు ‘విమోచన’ అన్నారు, మా పెద్దవాళ్ళు ‘సుఖూత్’ అన్నారు, అంటే పతనం. పేరు మీద తగువు ఇప్పటికీ తెగలేదు.

ఆ తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక కమిటీని పంపింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. ఈ నగరంలోనే ‘పయామ్’ పత్రిక నడిపిన మనిషి. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయాయని చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013 నాటికిగానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అది చదవడానికి దొరకలేదు. ఆ నివేదికలోనే మరో మాట కూడా ఉంది. చాలాచోట్ల హిందువులు తమ ముస్లిం ఇరుగుపొరుగును ప్రాణాలకు తెగించి కాపాడారు. ముఖ్యంగా ఒకే వృత్తి చేసుకునేవాళ్ళ మధ్య ఈ ఆత్మీయత కనిపించిందని, నేత పనివాళ్ళు తోటి ముస్లిం నేత పనివాళ్ళను కాచుకున్నారని రాశారు. మగ్గం పక్కన మగ్గం వేసినవాడికి మజహబ్ అడ్డం రాలేదు. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్న లెక్కలో ఈ చిన్న విషయానికి చాలా పెద్ద పాత్ర ఉంది.

ఊరు వదలక తప్పనివాళ్ళకు మొదట కనిపించింది పట్నమే. 1941లో హైదరాబాద్ జనాభా 7 లక్షల 39 వేలు. 1951 నాటికి అది 10 లక్షల 85 వేలకు చేరింది. ఈ పెరుగుదలంతా మా వాళ్ళదే కాదు. పొట్ట చేతబట్టుకొని అన్ని కులాలవాళ్ళూ వచ్చారు. కానీ బీదర్ నుంచి, నాందేడ్ నుంచి, గుల్బర్గా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చినవి కావు. గుంపులో ఉంటే బతుకుతామని వచ్చినవి. చుట్టాల ఇంట్లో ఒక దాలాన్, మధ్యలో ఒక పర్దా, పర్దాకు ఇటు ఒక కాపురం, అటు ఒక కాపురం. ఎన్నో జంటల కొత్త సంసారం ఇలాగే మొదలైందని మా ఇళ్ళల్లో చెప్పుకుంటారు.

పట్నం ప్రాణానికి భద్రత ఇచ్చింది గానీ పని ఇవ్వలేకపోయింది. సరిగ్గా అదే సమయంలో పాత కొలువులన్నీ కూలిపోయాయి. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. 1949 ఆగస్టులో జాగీర్లు పోయాయి. జాగీర్దారు మహల్ సంగతి అలా ఉంచండి, ఆ మహల్‌ను నమ్ముకొని బతికిన గుమాస్తా, వంటవాడు, చౌకీదారు, దర్జీ - వాళ్ళందరి బతుకూ వీధిన పడింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషుకు మారింది. కచేరీల్లో, కోర్టుల్లో ఉర్దూ దస్తూరీతో అన్నం తిన్నవాడికి ఒక్కసారిగా తన చదువు చదువే కాకుండా పోయింది. పాతికేళ్ళ కుర్రవాడు, ఉర్దూలో చదివి పాసైనవాడు, కొత్తగా నిఖా చేసుకున్నవాడు ఏం చెయ్యాలి?

అప్పుడు కరాచీ కనిపించింది. కొత్త దేశానికి రాజధాని. కొత్త కచేరీలు. ఉర్దూ వచ్చినవాడికి కొలువు. 1941లో నాలుగున్నర లక్షలు కూడా లేని ఆ ఊరు 1951 నాటికి పది లక్షలు దాటింది. ఒకే దశకంలో హైదరాబాద్, కరాచీ రెండూ పది లక్షల నగరాలయ్యాయి. రెండిటినీ నింపిన జనంలో ఇల్లు చెదిరినవాళ్ళు ఉన్నారు. బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి ఓడ. లేదంటే రాజస్థాన్ ఎడారి మీదుగా మునాబావ్, అవతల ఖోఖ్రాపార్. వెళ్ళినవాళ్ళు అక్కడ హైదరాబాద్ కాలనీ కట్టుకున్నారు. బహదూర్ యార్ జంగ్ పేరు మీద బహదూరాబాద్ వెలిసింది. ఖట్టీ దాల్, మిర్చీ కా సాలన్, అచార్లు - అన్నీ వెంట తీసుకుపోయారు. ‘నక్కో’, ‘హౌ’ కూడా తీసుకుపోయారు. నోరు తెరిస్తే చాలు, దక్కనీవాడని అక్కడివాళ్ళకు తెలిసిపోయేది.

ఇది ఒక ఊరి నుంచి మరో ఊరికి మారడం లాంటిది కాదని వెళ్ళినవాళ్ళకు మెల్లగా తెలిసింది. 1948 జూలైలోనే పశ్చిమ పాకిస్తాన్ నుంచి తిరిగి రావాలంటే పర్మిట్ కావాలన్న నిబంధన వచ్చింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఏడవ అధికరణం ప్రకారం, 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలసపోయినవాడు భారత పౌరుడు కాడు, శాశ్వతంగా స్థిరపడేందుకు ఇచ్చే పర్మిట్ మీద తిరిగి వస్తే తప్ప. 1952 అక్టోబర్ నుంచి పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి అయ్యాయి. పనిలో కుదురుకున్నాక భార్యను పిలిపించుకుందామని ముందు తానొక్కడే వెళ్ళినవాడికీ, ఆరు నెలలు చూసి నచ్చకపోతే తిరిగొద్దామనుకున్నవాడికీ ఈ తేదీలు తెలియవు. తెలిసేనాటికి ఇంటికీ తనకూ మధ్య సరిహద్దు లేచింది.

ఉన్నవాళ్ళకు మరో రకం చిక్కు. కాందిశీకుల ఆస్తి చట్టాల్లో, వెళ్ళిపోయినవాడి ఆస్తినే కాదు, ‘వెళ్ళబోతున్నాడు’ అని అనుమానం వచ్చినవాడి ఆస్తినీ పట్టి చూసే వీలు 1949లో పెట్టారు. తమ్ముడు కరాచీలో ఉంటే అన్న ఇల్లు అమ్ముకోవడం అనుమానం. కూతురికి డబ్బు పంపితే అనుమానం. ఒక మనిషి మనసులో ఏ ఊరుందో సర్కారు కాగితం తేల్చాలని చూసింది. 1953లో ఆ ‘వెళ్ళబోతున్నాడు’ అన్న లెక్క తీసేశారు. చట్టంలోంచి పోయింది గానీ చూపులోంచి పోలేదు.

ఇంతకీ ఎందుకు ఉండిపోయారు? ఈ ప్రశ్నకు జవాబు నాయకుల ప్రసంగాల్లో వెతికితే దొరకదు. మర్దానాలో ఎంత చర్చ జరిగినా నిర్ణయం చాలాసార్లు జనానాలో తేలింది. అమ్మీ ఇక్కడే ఉంది, తొలి కాన్పుకు ఎక్కడికి పోవాలి? నాన్న కబర్ ఇక్కడుంది, జుమ్మేరాత్ నాడు ఫాతెహా ఎవరు చదువుతారు? దర్గా ఇక్కడుంది, మొహర్రంలో పీర్లు లేపే ఊరు ఇక్కడుంది. పెద్ద మాటలు కావివి. ఒక ఆడపిల్ల తన కాపురం ఎక్కడుండాలో చెప్పేటప్పుడు వాడే మాటలు. వతన్ అన్న మాటకు ఇంతకన్నా మంచి వివరణ మాకు తెలియదు. ఈ ఆడవాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. కానీ ఇవాళ తెలంగాణలో ముస్లిం జనాభా అని మీరు లెక్కేసే సంఖ్యలో వాళ్ళ మాట ఉంది.

రెండో కారణం భాష. ముస్లిం అనగానే ఉర్దూ అనుకునేవాళ్ళకు ఇది అర్థం కాదు. పల్లెల్లో దూదేకులవాళ్ళకు, ఇంకా ఎన్నో పేద ముస్లిం కుటుంబాలకు ఇంట్లో మాట తెలుగే. ఆ జంటకు కరాచీ ఏ రకంగా సొంత ఊరవుతుంది? సంతలో బేరం తెలుగు, పొలంలో పాట తెలుగు, కష్టం చెప్పుకునే పక్కింటి అక్క తెలుగు. వాళ్ళు పాకిస్తాన్‌ను తిరస్కరించామని ఎక్కడా సభ పెట్టి చెప్పలేదు. దాన్ని తమ దారిగా ఎన్నడూ అనుకోలేదంతే. మా చరిత్రను ఉర్దూ షరీఫుల చరిత్రగా మాత్రమే రాసిన మా వాళ్ళు కూడా వీళ్ళను వదిలేశారు. ఆ తప్పులో ఇరుపక్షాలకూ వాటా ఉంది.

మూడో కారణం, ఇక్కడే మళ్ళీ నిలబెట్టుకోగలమన్న నమ్మకం. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ కలిసి ‘సియాసత్’ దినపత్రిక మొదలుపెట్టారు. సుఖూత్ జరిగి ఏడాది కూడా కాలేదు. ఉర్దూకు కొలువులు లేవు, చదివేవాళ్ళు ఓడలెక్కుతున్నారు. ఆ రోజుల్లో ఈ నగరంలో కొత్తగా ఉర్దూ పత్రిక పెట్టడమంటే, పాఠకుడు ఇక్కడే ఉంటాడని, అతని పిల్లలూ ఇక్కడే ఉంటారని నమ్మడమే. పత్రికల్లో పనిచేసే మాకు ఆ తేదీ ఊరికే కనిపించదు.

మరి మంట పెట్టినవాళ్ళు? సంస్థానం ప్రధానమంత్రి లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకొని పాకిస్తాన్ చేరాడు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై అక్కడికే వెళ్ళిపోయాడు. వాళ్ళు వెళ్ళారు, వాళ్ళ పేరు మాత్రం ఇక్కడ ఉన్నవాళ్ళ మీద మిగిలింది. పోకుండా ఉన్నందుకు మాకు దక్కిన బిరుదు ‘రజాకార్’. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ మాటకు కొత్త సున్నం వేస్తారు.

1956 నవంబర్ 1న సంస్థానం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠ్వాడా బొంబాయిలో, బీదర్, గుల్బర్గా, రాయచూర్ మైసూర్‌లో కలిశాయి. ఎనిమిదేళ్ళ కింద నాందేడ్ నుంచి పట్నం వచ్చిన జంటకు కదలకుండానే పుట్టినూరు వేరే రాష్ట్రమైంది. ఒకసారి భయంతో ఊరు వదిలారు, రెండోసారి గీతతో ఊరు దూరమైంది. భాషా రాష్ట్రాల సంబరంలో ఆ జంట భాష ఏ రాష్ట్రానిదని ఎవరూ అడగలేదు.

1973లో చమురు ధరలు పెరిగాక మరో దారి తెరుచుకుంది. జెద్దా, రియాద్, దుబాయ్, కువైట్. అది కూడా జంటకు తెరిచిన దారి కాదు. జీతం ఎక్కువున్నవాడికే కుటుంబ వీసా. మిగతావాళ్ళది చెరో దేశం కాపురం. క్యాసెట్లలో గొంతు పంపుకున్న మొగుడూపెళ్ళాల తరం మాది కాకపోయినా మా ముందు తరంలో ఉంది. 2017లో సౌదీ ప్రభుత్వం వెంట ఉండే ప్రతి కుటుంబసభ్యుడి మీద నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టింది. ఏటా పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. ఎంతోమంది భార్యాపిల్లలు మళ్ళీ హైదరాబాద్ విమానం ఎక్కారు. కరాచీ పోయినవాడు తిరిగి రాలేకపోయాడు, గల్ఫ్ పోయినవాడు అక్కడ ఉండలేకపోయాడు.

వెళ్ళినవాళ్ళ సంగతీ చూద్దాం. ఏళ్ళు గడిచినా వాళ్ళను ముహాజిర్లనే అన్నారు. 1980ల, 90ల కరాచీ నెత్తురు ఆ మాట మీద కూడా పారింది. 1965 యుద్ధంతో తెగిన ఖోఖ్రాపార్ రైలు 2006లో మళ్ళీ నడిచి, 2019లో మళ్ళీ ఆగింది. వాళ్ళను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆకలి, భయం కలిసి తరిమినప్పుడు ఎవరి కాళ్ళు ఎటు పోయాయో ఇవాళ కూర్చొని తీర్పు చెప్పడం అన్యాయం. కానీ అక్కడ పోయినవాడు పరాయివాడు, ఇక్కడ ఉన్నవాడూ పరాయివాడే అయితే, పరాయితనం ఊరులో లేదు, చూసే కంట్లో ఉంది.

ఇవాళ మా పిల్లలు పెళ్ళి చేసుకొని ఇల్లు వెతుక్కుంటున్నారు. కంప్యూటర్ ఉద్యోగం ఉంది, జీతం ఉంది, అడ్వాన్సు ఉంది. ఫోన్‌లో అంతా బాగానే మాట్లాడిన ఇంటి ఓనరు పేరు చెప్పగానే ‘మా దగ్గర శాకాహారులకే ఇస్తామండీ’ అంటాడు. చివరికి వాళ్ళు మా వాళ్ళుండే బస్తీకే వచ్చి చేరతారు. అప్పుడు అదే పెద్దమనిషి, వీళ్ళెందుకు ఒకేచోట గుంపుగా ఉంటారని అడుగుతాడు. 1948లో పట్నం చేరిన జంట వేసుకున్న లెక్కే వీళ్ళూ వేసుకుంటున్నారు: నలుగురిలో ఉంటే బతుకుతాం. డెబ్బై అయిదేళ్ళు దాటినా ఆ లెక్క మారకపోతే తప్పు లెక్క వేసుకునేవాడిది కాదు.

దేశభక్తి రుజువు చూపమని అడిగేవాళ్ళకు మా దగ్గర వేరే కాగితం లేదు. పోవడానికి దారి తెరిచి ఉన్న రోజుల్లో, ఉండటానికి అన్నీ ప్రతికూలంగా ఉన్న రోజుల్లో, మా వాళ్ళు ఇక్కడ పొయ్యి వెలిగించుకున్నారు. దేశాన్ని ఎంచుకొని మరీ కాపురం పెట్టారు. మా పిల్లలకు ఆ బరువు అక్కర్లేదు. అద్దె, మంచినీళ్ళు, బడి, బస్సు - ఈ నాలుగే చూసుకొని వాళ్ళు ఇల్లు ఎంచుకోగలగాలి. మేము అడిగేది అంతే.